అరకిలో నెత్తళ్లు

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు అని ఆ చీటీలో రాసి ఉంది. లోవమ్మ దానిని ముగ్గురి చేత చదివించుకున్నది. మొదట ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర నిలబడ్డ ఒక ముసలాయన చేత, తరువాత ఆటో తోలే తాతబ్బాయి చేత, చివరకు ఇంటికి వచ్చి కూతురు గంగాభవాని చేత. ముగ్గురూ అదే చదివారు. చీటీ రాసి ఇచ్చిన డాక్టరు మంచివాడే. తాగుడు మాన్పించే వార్డులో ఉన్నన్ని రోజులూ ఆమెను ‘అమ్మా’ అని తప్ప మరొక విధంగా పిలిచి ఎరుగడు. “మానడం ఇక్కడ అయిపోయిందమ్మా. మానినట్టు ఉండిపోవడం బయట మొదలవుతుంది. మీలాంటివాళ్లు కూర్చుని మాట్లాడుకునే మీటింగు టైము ఈ చీటీలో రాశాను, వారం వారం వెళ్లండి” అని చెప్పి పంపాడు. అయితే ఆదివారం పదకొండు గంటలకు చేపల బజారు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఆ వేళకు అనకాపల్లి చేపల బజారులో మనిషి మీద మనిషి పడతాడు. తెల్లవారకముందే పూడిమడక ఒడ్డున పడవల దగ్గర వేలంలో పాడుకున్న చేపను మంచులో పెట్టి, తాతబ్బాయి ఆటోలో మరి నలుగురు ఆడవాళ్లతో కలిసి ఏడింటికల్లా బజారుకు చేర్చి, కత్తిపీట ముందు కూర్చున్నదంటే లోవమ్మకు ఒంటిగంట దాకా తల ఎత్తే తీరిక ఉండదు. వారం మొత్తం మీద గంప అడుగు కనిపించేది ఆ ఒక్క పూటే.

“ఆదోరం పదకొండుకి నాను మీటింగు కెల్తే, నా సేపల్ని ఆ డాట్రుబాబు కూకుని అమ్ముతాడేటి?” అన్నది ఆమె.

గంగాభవాని నవ్వలేదు. ఒడిలోని అయిదు నెలల కూతురు హాసినిని భుజం మీదికి ఎత్తుకుంటూ, “ఇంకోటి ఉంటాది, సూడు. ఎతకడానికేటి?” అన్నది.

పిల్లను ఒడిలోంచి భుజం మీదికి మార్చిందే గాని తల్లి చేతికి ఇవ్వలేదు. లోవమ్మ అడగనూ లేదు. రెండు నెలల కిందట తాగిన మత్తులో పిల్లను ఎత్తుకుని అరుగు దిగుతూ ఆమె కూలబడ్డది. పిల్లకు దెబ్బ తగలలేదు. ఏడవను కూడా లేదు. మరునాడే లోవమ్మ తనంత తానుగా వెళ్లి వార్డులో చేరింది. గంగాభవాని అప్పుడు ఒక్కటే మాట అన్నది: “నాకు నమ్మకం కుదిరినప్పుడు నానే ఇత్తాను. నువ్వడక్కు.” ఇన్ని రోజులు అని గడువు పెట్టి ఉంటే వేళ్ల మీద ఎంచుకోవచ్చు. నమ్మకానికి అటువంటి గడువేదీ ఉండదు. అయినా లోవమ్మ మానిన రోజులను ఎంచుకుంటూనే ఉన్నది. ఆనాటికి యాభై ఎనిమిది.

మరొక మీటింగు సబ్బవరంలో ఉన్నదని తెలిసింది. అది రాత్రి ఎనిమిదింటికి. వెళ్లగలదు గాని తిరిగి రావడానికి బస్సు ఉండదు. విశాఖపట్నంలో చాలా ఉన్నాయట. ఆమె వాకబు చేసినది ఇంగ్లీషులో జరుగుతుందట. చివరకు తాతబ్బాయే సంగతి తెలుసుకుని వచ్చాడు.

“అనకాపల్లిలోనే ఉందప్పా. టేసను రోడ్డులోంచి లోపలికి తిరిగితే పాత కల్యాణమండపం లేదూ, దాని ఎనకాల. బుధవారం నాలుగింటికి. మా బావమరిది ఎల్తాడు. ఆడు మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు టీ తాగుతాడు, రోజుకి పద్దెనిమిది.”

“పద్దెనిమిదేటిరా!”

“మరేటి, సెయ్యి ఊరుకోదు కదప్పా.”

నాలుగింటికి అన్న మాట విని లోవమ్మ సంతోషించింది. బేరం ముగిసి, అరుగు కడిగి, గంప బోర్లించి, నడుము పట్టుకుని లేచాక, రెండింటికీ నాలుగింటికీ నడుమ ఆమె కాళ్లు వాటంతట అవే రోడ్డు దాటి ఎదుటి బ్రాందీ దుకాణం వైపు నడిచేవి. ఒళ్లు నొప్పికి అని మొదలుపెట్టి పదకొండేళ్లు నడిచినవి. ఇప్పుడు ఆ రెండు గంటలనూ ఆమె కుళాయి దగ్గర గడుపుతున్నది. కడిగిన గంపనే మళ్లీ కడుగుతున్నది.

&nbsp;

బుధవారం నాడు ఆమె బజారు కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, సంచిలో తెచ్చుకున్న ఉతికిన చీర కట్టుకున్నది. అయినా వాసన పోదని ఆమెకు తెలుసు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కిటికీ వైపు తిరగడం ఆమెకు అలవాటైన విషయమే.

కల్యాణమండపం వెనుక ఒక వరండా, వరండాకు రెండు గదులు. తెల్ల చొక్కా తొడుక్కున్న ఒక పెద్దమనిషి ప్లాస్టిక్ కుర్చీలను వరుసగా సర్దుతున్నాడు. ఆయన పేరు దేవీప్రసాద్ అని, రైల్వేలో పని చేసి రిటైరయ్యాడని, ఆ మీటింగును ఆయనే నడుపుతాడని ఆమెకు తరువాత తెలిసింది. ఆయన ఆమెను చూసి ఎంతో మర్యాదగా తల వంచి, “రండమ్మా, రండి. తాగేవాళ్ల ఇంటివాళ్లకి ఇటువైపు” అన్నాడు.

లోవమ్మ నోరు తెరిచింది. కాని ఆయన అప్పటికే ఒక కుర్చీని చేతిలోకి తీసుకుని, దాని మీది దుమ్మును తన రుమాలుతో తుడిచి, కుడివైపు గదిలోకి ముందుగా నడుస్తున్నాడు. అటువంటి మనిషి తన కోసం కుర్చీ మోయడం లోవమ్మ జన్మలో ఎరుగదు. వెనకకు పిలిచి ‘బాబూ, నాది ఆ గది’ అని ఎలా చెప్పగలదు? ఆమె కుర్చీ వెంట నడిచింది.

గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. అందరూ తాగేవాళ్ల భార్యలూ తల్లులూ. మధ్యనున్న చిన్నమ్మలు అనే పెద్దావిడ, నర్సు పని చేసి మానుకున్నదట, ఆప్యాయంగా అడిగింది:

“మీ ఆయన ఎన్నాళ్ల నుంచి తాగుతున్నాడమ్మా?”

పదహారు కళ్లు ఆమె మీద నిలిచాయి. ఆ కళ్లలో ఉన్న జాలి లోవమ్మకు బొత్తిగా కొత్త. తాగే ఆడదాని వైపు ఎవరూ అలా చూడరు.

“పదకొండేళ్లండి” అన్నది ఆమె.

ఆ తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. మొదట ఒళ్లు నొప్పులకని తాగేవాడని చెప్పింది. తరువాత ఒళ్లు నొప్పి లేని రోజున కూడా తాగేవాడని చెప్పింది. పొద్దుట లేవగానే చేతులు వణికేవని, ఒక్క గుక్క పడితే గాని కత్తిపీట ముందు కూర్చోలేకపోయేవాడని చెప్పింది. “సీసాని మంచు కింద దాసేవోడండి. సేపల గంపలో, అడుగున. ఎవులూ సూడరు కదా.” చెబుతున్న కొద్దీ గుండెల మీది బరువు కొంచెం కొంచెంగా జారుతున్నట్టు తోచింది. ఆడవాళ్లు తలలు ఊపారు. ఒకామె కన్నీరు పెట్టుకున్నది.

ఎదురుగా, కళ్లజోడు పెట్టుకుని, గంజి పెట్టిన నేత చీర కట్టుకుని కూర్చున్న ఒకావిడ మాత్రం తల ఊపలేదు. ఆమె పేరు బిందుమాధవి. ఆమె వంతు వచ్చినప్పుడు, ఒడిలోని రుమాలును నాలుగు మడతలు పెడుతూ, “మా ఆయన బీరువాలో దాచుకుంటారు. నా పట్టుచీరల వెనక” అని మాత్రం అని, ఇక చాలన్నట్టు చిన్నమ్మలు వైపు చూసింది.

మగవాడికి ఎంత తెలివి, అనుకున్నది లోవమ్మ. పట్టుచీరలను పండగకు గాని ఎవరు కదుపుతారు?

&nbsp;

మరునాడు వేకువన ఒడ్డు మీద ఆమె భర్త కొర్లయ్య వల దులుపుతున్నాడు. ఆమె పక్కన చతికిలబడి, వలకన్నుల్లో చిక్కుకున్న చిన్న చేపలను ఒక్కొక్కటిగా విడదీస్తున్నది. కొర్లయ్య ముట్టడు. పెళ్లిళ్లలో అందరూ గ్లాసులు పట్టుకుంటే అతడు గోళీసోడా పట్టుకుంటాడు. అతడితో పడవ మీదికి వెళ్లే సత్తియ్య ఆ సంగతి మీద ఇరవై ఏళ్లుగా హాస్యమాడుతూనే ఉన్నాడు.

“మావా, నిన్న నిన్ను తాగుబోతుని సేసేసేను.”

కొర్లయ్య వల దులపడం ఆపలేదు. “ఎప్పుడు?”

“మీటింగులో. తాగేవోళ్ల పెళ్లాల గదిలో కూకోబెట్టేరు. మీ ఆయనెన్నాళ్ల నుంచి అని అడిగేరు. నోటికొచ్చింది సెప్పేసేను.”

“ఎంత తాగేనేటి?”

“పొద్దుట కోటరు. సాయంత్రం కోటరు.”

“ఓలమ్మో! మరి సముద్రం మీదకి ఎలా ఎల్లేనే?”

“అది ఆలడగలేదు.”

“నిన్ను కొట్టేనా?”

“లేదు. కొట్టడని సెప్పేను.”

“అంత మాత్రం సెప్పేవు, బతికేను” అని కొర్లయ్య నవ్వాడు. వలను చివరి దాకా దులిపి, మడిచి, ఇసుక మీద పెట్టి, అప్పుడు ఆమె వైపు తిరిగాడు. “సెప్పుకుంటే తేలిగ్గా ఉందా?”

“ఉంది మావా.”

“అయితే నా పేరు మీదే సెప్పుకో. నాకేటి పోతాది? ఊళ్లో ఎవులూ నమ్మరు. సత్తియ్య గాడైతే పండగ సేసుకుంటాడు.”

ఆ మాటకు లోవమ్మ కూడా నవ్వింది గాని, చేతిలోని చేపను విడదీసిన తరువాత కూడా కింద పెట్టలేదు.

“ఆలు నన్ను సూసి అయ్యో అన్నారు మావా. ఒకామె ఏడ్సింది కూడాను. ఆ అయ్యో నీకు రావాల. పదకొండేళ్లు పడ్డది నువ్వు. నానెలా పట్టుకొచ్చేసేను, సెప్పు?”

కొర్లయ్య ఆమె చేతిలోని చేపను తీసి గంపలో వేశాడు. “టైమవతంది, గంపెత్తుకో” అని లేచాడు. నిండిన గంపను రెండు చేతులతో ఎత్తి ఆమె తల మీద చుట్టకుదురు పైన పెట్టి, అది కుదురుకునే దాకా చెయ్యి తీయకుండా నిలబడ్డాడు. అది ఏ రోజైనా అతడు చేసే పనే. ఆ వేకువన మాత్రం ఆ చెయ్యి మరికొంతసేపు అక్కడే ఉన్నట్టు ఆమెకు అనిపించింది.

&nbsp;

తరువాతి బుధవారం లోవమ్మ మళ్లీ కుడివైపు గదిలోనే కూర్చున్నది. ఈసారి ఎవరూ అడగకముందే లేచి నిలబడ్డది.

“పోయిన వారం నాను అబద్దం ఆడేనండి. మా ఆయన ముట్టడు. తాగేది నాను. ఈ రోజుకి డెబ్బై మూడు రోజులు మానేసి. ఆ మంచు కింద దాసింది నానే. మీరు నా మీద పడ్డ జాలి... అది మా ఆయనకి రావాల. నాకు వద్దు.”

ఎవరో కుర్చీ కదిపిన చప్పుడైంది. పోయిన వారం కన్నీరు పెట్టుకున్న ఆమె కొంగుతో మూతి కప్పుకున్నది. బిందుమాధవి రుమాలు మడతలు విప్పి, మళ్లీ మొదటి నుంచి పెట్టసాగింది.

చిన్నమ్మలు లేచి వచ్చి లోవమ్మ భుజం మీద చెయ్యి వేసింది. “ధైర్యంగా చెప్పావమ్మా. కాని ఇది తాగేవాళ్ల ఇంటివాళ్ల గది. వీళ్లు ఇక్కడ నోరు విప్పేది, తాగేవాళ్లు ఎదురుగా లేరనే కదా. నీ చోటు ఆ గది. రా, నేను తీసుకెళ్తాను.”

ఆ మాటలో తప్పు లేదు. లోవమ్మ ఆమె వెంట ఎడమవైపు గదికి వెళ్లింది.

అక్కడ పద్నాలుగు మంది మగవాళ్లున్నారు. గుమ్మం బయటికే నవ్వులు వినిపించాయి. ఎవరో తన పెళ్లినాడు తాళి ఎవరి మెడలో కట్టబోయాడో చెబుతున్నాడు. లోవమ్మ లోపల అడుగు పెట్టగానే ఆ కథ మధ్యలో ఆగింది. ఒకతను చొక్కా గుండీ పెట్టుకున్నాడు. ఇంకొకతను కాలు మీద కాలు తీసేశాడు. సంగతి విన్న దేవీప్రసాద్ ముఖం ఎర్రబడ్డది.

“పొరపాటు నాదమ్మా. మిమ్మల్ని అడగనైనా అడగలేదు. చూసి నిర్ణయించేశాను. క్షమించాలి” అని, వరండాలోకి వెళ్లి కుర్చీ తెచ్చి, మళ్లీ రుమాలుతో తుడిచి వేశాడు.

ఆ తరువాత ఒక్కొక్కరే మాట్లాడారు. అందరూ చక్కగా మాట్లాడారు. మద్యం వల్ల కుటుంబం చెడుతుందన్నారు, సంకల్పబలం ముఖ్యమన్నారు, తల్లివంటి ఆడవారు కూడా ముందుకు రావడం అభినందనీయమన్నారు. బడిలో జెండా ఎగరవేసిన రోజున మాట్లాడినట్టు మాట్లాడారు. పెళ్లినాటి కథ ఏమైందో లోవమ్మకు తెలియనే లేదు. ఆమె తన పేరు చెప్పి, రోజులు చెప్పి కూర్చున్నది. చప్పట్లు కొట్టారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నారు.

బయటికి వస్తుంటే దేవీప్రసాద్ గుమ్మం దాకా వచ్చి, “మళ్లీ వారం తప్పకుండా రావాలమ్మా” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. లోవమ్మకు ఎవరి మీదా కోపం రాలేదు. కాని నిండు గంప నెత్తిన ఉన్నప్పుడు దానిని దింపుకోవాలంటే ఎదుటి మనిషి అంతే ఎత్తున, అంత దగ్గరగా నిలబడి చేతులు అందించాలి. దూరం నుంచి చప్పట్లు కొడితే గంప దిగదు.

గేటు పక్కన గోడ నీడలో బిందుమాధవి నిలబడి ఉన్నది. అందరూ వెళ్లిపోయేదాకా ఆగినట్టున్నది. లోవమ్మ దగ్గరికి రాగానే, ముఖం చూడకుండా, చాలా నెమ్మదిగా అన్నది:

“మా ఆయన కూడా ముట్టరు.”

లోవమ్మకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

“మరి... బీరువాలో? పట్టుసీరల ఎనకాల?”

“చీరలు నావే కదండీ.”

“గంపా నాదేనమ్మా!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. బిందుమాధవి కళ్లజోడు తీసి, ఆ నాలుగు మడతల రుమాలును మొదటిసారిగా దాని పనికి వాడింది.

ఆమె జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఏడాదిగా ఆ కుడివైపు గదికి వస్తున్నది. ఎడమవైపు గదిలో వాళ్ల కాలేజీ గుమాస్తా కూర్చుంటాడు.

“ఏడాది నుంచి మా ఆయన్ని తిడుతూ కూర్చున్నానండి. పాపం, ఆయనకి తెలీదు. ఈ మీటింగుకి వస్తున్నాననీ తెలీదు.”

“మానేరా మరి?”

“నాలుగు రోజులు మానతాను. అయిదో రోజు బీరువా తెరుస్తాను.”

“ఈ రోజుకెన్ని?”

“రెండు.”

రెండో రోజు ఎలా ఉంటుందో లోవమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. “మీ ఇంటికాడ మాటాడుకోడానికి అవదు కదా?”

“అత్తగారుంటారు.”

“అయితే రేపు నా కాడికి రండి. సేపల బజారు. గురోరం సగం ఊరు నీసు ముట్టదు, బేరం ఉండదు. మద్దేన్నం రెండింటికి రండి. అదే పాడు టైము.”

“నాకూ అదే” అన్నది బిందుమాధవి. “గురువారం మధ్యాహ్నం క్లాసుల్లేవు. కానీ చేపల బజారుకి... మా ఇంట్లో ఎవరం చేపలు తినమండీ. ఎవరైనా చూస్తే?”

“సూడనీండి. లెక్కల మేడమ్ సేపలు కొంటందని సెప్పుకుంటారు. అదే సెప్పుకోనీండి.”

బిందుమాధవి ఆ మాటను ఒక లెక్క చూసినట్టు చూసింది. చివరకు, “అది చిన్న మాటే” అన్నది.

&nbsp;

గురువారం రెండు గంటలకు బజారు నిద్రపోతున్నట్టుంది. సిమెంటు అరుగుల మీద నలుగురైదుగురు ఆడవాళ్లు తప్ప లేరు. బిందుమాధవి గుడ్డసంచి ఒకటి పట్టుకుని, తడి నేల మీద మునివేళ్లతో నడుస్తూ వచ్చింది. లోవమ్మ బోర్లించిన బాల్చీ మీద గోనెపట్టా వేసి చూపించింది.

“ఏమి కొనాలండీ?” అని అడిగింది బిందుమాధవి గొంతు తగ్గించి.

“నాను ఎంచేను మీకు. నెత్తళ్లు, అరకిలో.”

పళ్లెంలో వేలెడంత చేపలు వెండిరేకుల్లా మెరుస్తున్నాయి. పెద్ద చేపయితే కత్తిపీట మీద అయిదు నిమిషాల్లో ముక్కలై సంచిలో పడుతుంది. కొన్నవాళ్లు ఇక నిలబడటానికి కారణం ఉండదు. నెత్తళ్లకు కత్తి పనికిరాదు. ఒక్కొక్క దానినీ ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేతి బొటనవేలి గోటితో తల దగ్గర నొక్కి, పొట్ట చితకకుండా, తలతో పాటు లోపలి పేగు కూడా ఒక్క ఊపున బయటికి వచ్చేటట్టు లాగాలి. గోరు కొంచెం వణికినా చేప రెండుగా విడిపోతుంది. అరకిలో బాగుచేయాలంటే దాదాపు గంట. అందుకే బజారులో ఎవరూ నెత్తళ్లు బాగుచేసి ఇవ్వరు. కొన్నవాళ్లు ఇంటికి పట్టుకుపోయి ఏడుస్తూ చేసుకోవలసిందే.

పక్క అరుగు మీద కూర్చునే కుమారి అది చూసి నోరు నొక్కుకున్నది. “ఓలప్పా! నెత్తళ్లు బాగుసేసి ఇత్తన్నావేటి? ఇంకేటి, వండి ముద్దలు కూడా పెట్టేత్తావా?”

“మేడమ్ గారికి సేత కాదే. కొత్తగా తింతన్నారు.”

“అయితే ఆ తలకాయలు కూడా ఆవిడకే వదిలీకు. మా పిల్లికుంచు.”

కుమారి వెళ్లి గోడకు ఆనుకుని కునుకు తీయసాగింది. లోవమ్మ మొదటి చేపను గిల్లింది. అడగలేదు. రెండోదీ, మూడోదీ గిల్లింది. పదోదో పన్నెండోదో చేతిలో ఉండగా బిందుమాధవి పళ్లెం వైపే చూస్తూ, “మొదటిసారి మా పెళ్లిరోజున” అని మొదలుపెట్టింది.

లోవమ్మ చేతులు ఆగలేదు, కళ్లు ఎత్తలేదు. ఎదుటివాళ్లు తన ముఖం వైపు చూడకుండా తన మాట వింటే ఎంత హాయిగా ఉంటుందో బిందుమాధవికి ఆ గంటలోనే తెలిసినట్టున్నది. బీరువా సంగతి చెప్పింది. నమిలే యాలకుల సంగతి చెప్పింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక పిల్లవాడికి రెండుసార్లు మార్కులు వేసిన సంగతి చెప్పి, సిగ్గుతో నవ్వింది. అరుగుల మధ్యగా ఎవరైనా నడిచి వచ్చినప్పుడల్లా గొంతు పెంచి, “తలలు పూర్తిగా తీసెయ్యండి” అనేది. వాళ్లు దాటిపోగానే మళ్లీ అదే వాక్యం మధ్యలోంచి అందుకునేది.

లోవమ్మ కూడా చెప్పింది. పిల్లతో పాటు కూలబడ్డ సంగతిని ఆమె ఏ గదిలోనూ చెప్పలేదు. దానిని నెత్తళ్ల మీద చెప్పింది.

“రేపటికి నాలుగు” అన్నది బిందుమాధవి, పళ్లెంలో చేపలు అడుగంటుతుండగా. “శనివారానికి అయిదు. అప్పుడేం చెయ్యాలి?”

“నా ఫోను నంబరు రాసుకోండి. బీరువా తలుపు మీద సెయ్యి పడగానే ఫోను సెయ్యండి. ‘నెత్తళ్లు ఉన్నాయేటి’ అనడగండి. ఉన్నాయి, లెగిసి రండి అంటాను. శనోరం కూడా బేరం ఉండదు.”

బిందుమాధవి నంబరు రాసుకున్నది. లేచి, కొంచెం తటపటాయించి అన్నది: “నిన్న మీరు వెళ్లాక ఆ గదిలో ఒకావిడ నన్ను అడిగింది. వాళ్ల అబ్బాయి తాగుతాడని చెబుతుంటుంది. ‘ఆ చేపలావిడ బజారులో ఎక్కడ కూర్చుంటుందో మీకు తెలుసా’ అని. ఎందుకని నేను అడగలేదు.”

“వొచ్చే గురోరం తీసుకురండి” అన్నది లోవమ్మ. “ముగ్గురైతే అరకిలో సాలదు.”

బిందుమాధవి ఖాళీ గుడ్డసంచితోనే వెళ్లిపోయింది. కుమారి నిద్ర లేచి చూసేసరికి మూడున్నర. ఎదుటి దుకాణం ఆ రోజున తెరిచి ఉన్నదో మూసి ఉన్నదో లోవమ్మ చూడనే లేదు.

&nbsp;

ఆమె ఇల్లు చేరేసరికి గంగాభవాని గుమ్మంలో నిలబడి పిల్లను ఆడిస్తున్నది. లోవమ్మ గంప దించి, అందులోంచి గిన్నె పైకి తీసింది. గిన్నె నిండా ఉప్పునీళ్లు, నీళ్లలో నెత్తళ్లు.

“బాగుసేసినవేటి?” గంగాభవాని ముందుకు వంగింది. “ఎవులు సేసేరు?”

“నానే. ఒకామె బేరం సేసి ఒదిలీసింది.”

గంగాభవాని చంకలో పిల్లతోనే గిన్నెలో చెయ్యి పెట్టి నాలుగు చేపలను పైకి తీసింది. అరచేతిలో పరిచి చూసింది. మళ్లీ అడుగు నుంచి మరి నాలుగు తీసింది. ఆమె కూడా ఆ ఒడ్డున పుట్టినదే. నెత్తళ్లు ఎవరి గోరు ఎంత నిలకడగా ఉన్నదో చెబుతాయి. రెండేళ్లుగా తన తల్లి నెత్తళ్ల జోలికి పోవడం ఆమె చూడలేదు. ఒక్క పొట్ట కూడా చితకలేదు. ఒక్క వెన్ను కూడా విరగలేదు.

ఆమె చేపలను నీళ్లలోకి జారవిడిచి, తడిచేతిని పమిటకు తుడుచుకున్నది. గిన్నె అంచుల దాకా నిండి ఉన్నది. దానిని తొణకకుండా లోపలికి పట్టుకుపోవాలంటే రెండు చేతులూ కావాలి. కొర్లయ్య లోపలే ఉన్నాడు, పిలవవచ్చు. గంగాభవాని పిలవలేదు.

“పట్టు” అన్నది, పిల్లను తల్లి చేతుల్లో పెట్టి.

గిన్నె ఎత్తుకుని వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లింది. లోవమ్మ నిలుచున్న చోటనే నిలుచున్నది. హాసిని అమ్మమ్మ వేలిని పట్టుకుని, దానిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ముఖం చిట్లించి, తరువాత నోట్లో పెట్టుకున్నది. లోపల పొయ్యి మీద మూకుడు పెట్టిన చప్పుడైంది. నూనె కాగింది.

“అమ్మా! వొచ్చే వారం కూడా తెత్తావేటి?” అని గంగాభవాని లోపలి నుంచి కేక వేసింది.

“తెత్తాను” అన్నది లోవమ్మ, పిల్ల ఉలిక్కిపడకుండా మెల్లగా. “వొచ్చే వారం కిలో.”